పడమటెండకు వెలిసిన లైట్లు

శ్రీశైలం కారు తాళంచెవి ముట్టి యాభై రోజులు దాటింది. తాళంచెవి ఎప్పటిలాగే టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. కారు కూడా ఎప్పటిలాగే ఇంటి ముందు తూర్పుకు మొహం పెట్టి నిలబడి ఉంది. ఆయన మాత్రం కూరగాయలకు నడిచి పోతున్నాడు. బ్యాంకుకు ఆటో ఎక్కుతున్నాడు. జడ్చర్లలో ఉన్న చెల్లెలింటికి పోవాలంటే మహబూబ్‌నగర్ బస్టాండులో గంటసేపు నిలబడుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన మనిషి కిటికీ పక్క సీట్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చోవడం ఆయన భార్య కోమల ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆయనతో బస్సెక్కడం మానేసింది.

ఉగాది వెళ్లిన రెండో వారంలో మొదలైంది ఇదంతా. దేవరకద్ర అవతల ఒక పెండ్లికి పోయి మొగుడూ పెండ్లాలు తిరిగి వస్తున్నారు. సాయంత్రం నాలుగు గంటల వేళ, ఎండ వెనక నుంచి కొడుతోంది. రోడ్డుకు అడ్డంగా మేకల మంద దిగింది. శ్రీశైలం బ్రేకు తొక్కాడు. మేకలన్నీ దాటి ఆఖరి పిల్ల ఇంకా రోడ్డు నడుమ ఉండగానే వెనక నుంచి దెబ్బ తగిలింది. దిగి చూస్తే మోటార్‌సైకిలు పడి ఉంది. దాని పక్కన పాతికేళ్ల పిల్లవాడు కాలు పట్టుకుని కూర్చున్నాడు. రెండు పాల క్యాన్లు మూతలూడి దొర్లాయి. పాలు తారు మీద పారి, పగుళ్లలోకి ఇంకి, చూస్తుండగానే ఎండి అట్టకట్టాయి.

పిల్లవాడి పేరు ఎల్లేష్. చుట్టుపక్కల తండాల్లో పాలు పోగుచేసి తమ ఊరి పాలకేంద్రానికి చేర్చడం అతని పని.

"లైటు వెలగలే కాకా," అన్నాడు. నొప్పి మాట తర్వాత, ముందు అదే అన్నాడు. "నువ్వు బ్రేకు కొట్టినవ్, లైటు వెలగలే. వెలిగుంటే నేను ఆగకపోదునా?"

చుట్టూ చేరినవాళ్లు ఒప్పుకోలేదు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పని తేల్చేశారు. దవాఖానకు వచ్చిన ఎల్లేష్ మేనమామ నర్సింహ కూడా వాణ్నే తిట్టాడు. "ఫోను చూసుకుంట నడిపితే లైటు ఏడ కనబడ్తది? ఆయన బస్సు డ్రైవరు. నువ్వు పుట్టకముందు సంది నడుపుతుండు. ఆయనకు చెప్తవా నువ్వు?"

ఫోను జేబులోనే ఉందని ఎల్లేష్ అంటూనే ఉన్నాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ప్లాస్టరు వేసే మనిషి కదలొద్దని కసిరాడు.

ఇంటికి వచ్చాక శ్రీశైలం, "వెలిగింది," అన్నాడు. "వెలగకుంట ఎట్లుంటది? పొద్దుగాల నువ్వే చూసినవు గదా."

చూసింది. అదే కోమలను తొలుస్తోంది.

నడిపే మనిషికి తన బండి వెనక లైటు ఎన్నడూ కనబడదు. డిపోలో ఉన్నన్నాళ్లూ తెల్లవారి బస్సు తీసే ముందు కండక్టరు వెనక్కి పోయి నిలబడేవాడు. శ్రీశైలం బ్రేకు తొక్కేవాడు. వెనక నుంచి మాట వచ్చేదాకా బస్సు కదిలేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదని రిటైరైన రోజు డిపోవాళ్లు శాలువా కప్పితే, "నాదేముంది, ఎనక నిలబడ్డోళ్లు సక్కగ చెప్పిండ్రు," అన్నాడు. ఇంటికి వచ్చాక ఆ పని కోమలకు వచ్చింది. బండి తీసిన ప్రతి పొద్దునా ఆమె చేతిలో పని వదిలేసి కారు వెనక్కి పోయి నిలబడేది. "వెలుగుతున్నయి," అనేది. అప్పుడే ఆయన కదిలేవాడు. పెండ్లికి పోయిన పొద్దున కూడా అలాగే అన్నది. అది అబద్ధం కాదు. వెలిగాయి.

యాక్సిడెంటు అయిన రోజే, చీకటి పడే వేళకు, శ్రీశైలం బల్బులు ఊడదీసి చూశాడు. మళ్లీ బిగించి ఆమెను బ్రేకు మీద చెయ్యి పెట్టి నొక్కమన్నాడు. ఎదురింటి గోడ మీద వెలుతురు పడింది. "చూడు," అన్నాడు. ఆమె చూసింది. అయినా మర్నాటి నుంచి తాళంచెవి ముట్టలేదు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. లైటు వెలిగిందని గట్టిగా నమ్మిన మనిషి బండి తీయడానికి వెనకాడడని మాత్రం ఆమెకు తెలుసు.

పది రోజులకొకసారి కోమల ఎల్లేష్ తల్లి అమృతమ్మకు ఫోను చేసేది. మే నెల చివరలో చేసినప్పుడు ఆమె గొంతు వేరుగా ఉంది.

"కాలు మానుతాందమ్మా. పనే పోయింది. పాలకేంద్రం బాలస్వామి ఇంకొకనికి ఇచ్చిండు. సోయి లేకుంట నడిపెటోనికి క్యాన్లు ఇయ్యనన్నడంట. వీడేమో లైటు లైటు అనుకుంట కూసుంటడు. ఎవరు నమ్ముతరు? చాలు తియ్యిరా, ఒప్పుకొని కాళ్లు పట్టుకో అని నేనే అంటున్న."

ఫోను పెట్టేసి కోమల బయటికి వచ్చింది. ఏం చూడాలనుకుని వచ్చిందో ఆమెకే తెలియదు. మధ్యాహ్నం తిరిగిన ఎండ కారు వెనక భాగం మీద నిలువునా పడుతోంది. వంగి లైట్లను చూసింది. రోజూ చూసేవే. ఒకప్పుడు దానిమ్మ గింజల్లా ఉండేవి. ఇప్పుడు పైన తెల్లటి పొర కట్టి, ఎన్నో ఏళ్లు ఉతికిన ఎర్ర జాకెట్టులా పాలిపోయాయి. వేలితో రుద్దితే సుద్దలాంటి పొడి అంటుకుంది. ఇంటి నీడ పట్టున ఉండే ముందు లైట్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

బైపాసు దగ్గర రేకుల షెడ్డులో కార్లకు రంగులు వేసే జానీ శ్రీశైలానికి డిపో రోజుల నుంచీ తెలిసినవాడు. కోమల పిలిస్తే సాయంత్రం వచ్చి చూశాడు.

"కొత్తవి దొరకయి అక్కా. ఈ బండి మోడలు బందై ఎన్నేండ్లాయె. డూప్లికేటువి ఉన్నయి గని, రెండెండలు కొడితే ఇంతకన్న అధ్వాన్నం అయితయి. ఇదే రుద్దితే మంచిగైతది. పైన పొర సచ్చింది గని లోపల ఎరుపు ఉన్నది."

"అయితే చెయ్యి."

"పెండ్లిండ్ల దినాలు, చేతి నిండ పని ఉన్నది. మీరే రుద్దుర్రి, నేను చెప్త. ఆఖరుకు పైన మెరుపుకు లక్కరు కొట్టిస్త. ఒకటే చెయ్యిర్రి ముందు. రెండూ ఒక్కపారి పట్టుకుంటే ఎక్కడిదాంక వచ్చిందో తెల్వది. పాతది పక్కన ఉంటేనే కొత్తదాని సంగతి కనబడ్తది."

డిక్కీ లోపలి నట్లు రెండు విప్పి ఎడమ లైటు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. బల్బు, వైర్లు అక్కడే ఉండిపోయాయి. పై డొప్ప మాత్రమే చేతికి వచ్చింది. నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితాలు మూడు రకాలు ఇచ్చి పోయాడు.

కోమల బకెట్టు పెట్టుకుని వసారాలో కూర్చుంది. ముందు గరుకు ఎక్కువున్న కాగితం. అడ్డంగా రుద్దింది, తర్వాత నిలువుగా. పాలలో చిటికెడు కుంకుమ పడ్డట్టు నీళ్లు దిగాయి. అరగంటకు లైటు బాగుపడకపోగా పూర్తిగా మసకబారింది. వెంటనే జానీకి ఫోను చేసింది.

"పాడు చేసిన జానీ."

"పాడు కాలే. మొదటి కాగితానికి గుడ్డిదైతది, గంతే. నడుమల ఆపితేనే పాడైతది. రెండోది పట్టుర్రి."

శ్రీశైలం మంచినీళ్లకు వచ్చి కాసేపు నిలబడ్డాడు. "ఏమే, చెంబులు తోముతున్ననుకున్నవా?"

"చెంబులైతే ఇంతసేపు పడుతదా?"

"మూల వదిలిపెట్టినవు చూడు."

"కనబడ్తాంది. మీ నీడ తియ్యిర్రి."

ఆయన నవ్వలేదు గానీ, పక్కకు జరిగి ఇంకాసేపు నిలబడ్డాడు. అది చాలనిపించింది ఆమెకు. లైట్లు బాగుపడితే ఆయన తాళంచెవి తీస్తాడు, తాను కోరుకున్నది అంతే. జరిగిపోయిన దాని గురించి ఆమె ఆలోచించదల్చుకోలేదు.

రెండు మధ్యాహ్నాలు పట్టింది. మూడో కాగితం అరిగేసరికి డొప్ప మీద చెయ్యి జారిపోతోంది. పాత నూలు చీర చింపి పాలిషు ముద్ద రాసి రుద్దితే లోపలి నుంచి ఎరుపు పైకి వచ్చింది. జానీ దాన్ని తీసుకుపోయి లక్కరు కొట్టి, నీడలో ఆరబెట్టి, మూడో రోజు మధ్యాహ్నం తెచ్చి బిగించాడు. కుడిది రేపు ఊడదీస్తానని చెప్పి పోయాడు.

నాలుగు కావస్తుండగా కోమల మేకు మీది తాళంచెవి తీసింది.

"ఒక్కపారి బ్రేకు తొక్కుర్రి. బండి తియ్యమంటలే. బల్బు సరిగ కూసున్నదా లేదా చూస్త."

ఆయన తాళంచెవి కేసి చూసి, చూసి, అందుకున్నాడు. కారెక్కి తలుపు తెరిచే ఉంచాడు. ఆమె వెనక్కి నడిచింది. పొద్దున్నే చెప్పేటప్పుడు కారుకు రెండడుగుల దూరంలో నిలబడేది. ఇవాళ ఎందుకో అక్కడ ఆగలేదు. ఎదురింటి నల్లా దాకా పోయి తిరిగి నిలబడింది. ఇరవై అడుగులు ఉంటుంది. ఎండ ఆమె వీపు మీంచి కారు మీద పడుతోంది.

"తొక్కిన," అన్నాడు.

ఎడమ లైటు భగ్గున ఎర్రబారింది. కుడిదానిలో మార్పు రాలేదు. ఆయన వదిలి మళ్లీ తొక్కాడు. ఎడమది ఆరింది, వెలిగింది. కుడిది ఎండలో పెట్టిన స్టీలు పళ్లెంలా తెల్లగా మెరుస్తూ ఉంది, అంతే. కోమల అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దగ్గరకు నడిచింది. రెండడుగుల దూరానికి వచ్చాక లోపలెక్కడో పొగమంచు వెనక దీపంలాంటిది కనబడింది. బల్బు వెలుగుతూనే ఉంది. ఆ రోజు కూడా వెలిగే ఉంటుంది.

"ఏమైంది? రెండూ వెలుగుతున్నయా?"

"ఆఁ," అంది కోమల. "వెలుగుతున్నయి."

అద్దంలో ఆయన మొహం వదులైంది. యాభై రోజులుగా ముడిపడి ఉన్న కనుబొమలు విడిపోవడం ఆమెకు స్పష్టంగా కనబడింది.

"నేను చెప్పలే?" అన్నాడు. "పాత లైటు కూడ మంచిగనే వెలుగుతాంది. ఆ పోరడు ఫోన్ల ఉన్నడు. తప్పు కప్పిపెట్టుకునెటందుకు లైటు మీదికి తోసిండు. రేపు జడ్చర్ల పోదాం కోమలా. కార్లనే పోదాం."

ఈ మాట కోసమే ఆమె రెండు రోజులు వేళ్లు నీళ్లలో నానబెట్టింది. మాట వచ్చింది. దానితోపాటు ఆ పిల్లవాడి మీద ఇంకొక తట్ట మట్టి పడింది. తల్లి కూడా నమ్మని పిల్లవాడు. డిక్కీ మీద పెట్టిన ఆమె చెయ్యి ఎండకు కాలుతోంది. తీయలేదు.

"దిగుర్రి," అంది.

"ఎందుకు?"

"నేను తొక్కుత. మీరు పోయి చూడుర్రి."

"నువ్వు చూసినవు గదా."

"చూసిన. సక్కగ చెప్పలే. మీరే చూడుర్రి."

ఆయన దిగాడు. కోమల స్టీరింగు ముందు కూర్చోవడం అదే మొదటిసారి. కాలికి బ్రేకు ఏదో చూపించి, ఆయన వెనక్కి నడిచాడు. ఆమె నిలబడిన చోటే నల్లా దగ్గర ఆగడం అద్దంలో కనబడింది.

"తొక్కు."

"తొక్కిన."

ఆయన అటూ ఇటూ జరిగి చూశాడు. తర్వాత, "ఎడమది వచ్చింది. కుడిది రాలే," అన్నాడు.

"వచ్చింది. దగ్గరికి పోయి చూడుర్రి."

ఆయన వచ్చాడు. వంగి, లైటుకు రెండు వైపులా అరచేతులు అడ్డం పెట్టి లోపలికి చూశాడు. మూడడుగులు వెనక్కి వేశాడు. మళ్లీ ముందుకు వచ్చాడు. అలా నాలుగైదుసార్లు తిరిగాడు. కోమల బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు. పిక్క లాగుతున్నా తీయలేదు.

చివరికి ఆయన గేటు దిమ్మె మీద కూర్చున్నాడు. ఆమె దిగి వచ్చి పక్కన నిలబడింది.

"పొద్దుగాల నువ్వు చూసేటప్పుడు ఈడ నీడ ఉంటది," అన్నాడు నెమ్మదిగా. "నీడల ఏ లైటైనా కనబడ్తది. బండి మొకం తూర్పుకు ఉండాలె, లచ్చిమి నిలుస్తది అని పద్నాలుగేండ్ల సంది గిట్లనే పెట్టిన. పడమటెండ అంత దాని ఎనకకే కొట్టింది."

"చెప్పింది నేను. రోజూ నేనే చెప్పిన."

"నువ్వు ఉన్నదే చెప్పినవు. నేను పొద్దుగాల తప్ప ఎన్నడు అడగలే."

లేచి లోపలికి పోయాడు. పోతూ పోతూ తాళంచెవిని మేకుకు తగిలించాడు. ఆ సాయంత్రం తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. తాను ఆ మాట దాచుకుని ఉంటే ఈపాటికి జడ్చర్లకు ఏం తీసుకుపోవాలో మాట్లాడుకుంటూ ఉండేవాళ్లమని కోమల అనుకుంది. అయినా చెప్పినందుకు బాధ కలగలేదు. ఆయన కోసం మాత్రం బాధ కలిగింది.

మర్నాడు జానీ పానా తెచ్చుకుని కుడి లైటు ఊడదీయడానికి వచ్చాడు. శ్రీశైలం గుమ్మంలోనే ఆపాడు.

"ఇప్పుడే వద్దు జానీ. ఎల్లుండి రా."

"ఏందన్నా, ఒక కన్ను మంచిగ చేసి ఇంకోటి గుడ్డిగ ఉంచుతవా?"

"ఒక్క దినం ఉండనియ్యి."

జానీ కోమల వంక చూశాడు. ఆమెకూ అర్థం కాలేదు. రెండు దాటాక శ్రీశైలం ఉతికిన చొక్కా వేసుకుని, తాళంచెవి తీసి, "పా," అన్నాడు. "ఎల్లేష్ వాళ్ల ఊరు పోదాం. నాలుగింటికి ఆడ ఉండాలె."

అప్పుడు అర్థమైంది. ఏమీ అడగకుండా చెప్పులు వేసుకుంది.

దారంతా ఎడమ అంచున, సైకిలువాళ్లు కూడా దాటిపోయేంత మెల్లగా నడిపాడు. వేగం తగ్గించే ప్రతిచోటా పాత డ్రైవర్లలా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పైకీ కిందికీ ఊపాడు. మేకలు దిగిన చోటు దాటేటప్పుడు వేగం ఇంకా తగ్గించాడు.

పాలకేంద్రం ఊరి మొదట్లోనే ఉంది. సాయంత్రం పాలకు ఏడెనిమిది మంది ఆడవాళ్లు గిన్నెలతో వరుస కట్టారు. బాలస్వామి బల్ల వెనక కూర్చుని పాలు కొలుస్తున్నాడు. ఎల్లేష్ ఇల్లు ఎదురుగానే. శ్రీశైలం కారును తూర్పుకు తిప్పి ఆపాడు. కోమల పోయి అమృతమ్మను, ఆమె వెనక చంకకర్రతో ఎల్లేష్‌ను తీసుకువచ్చింది. కారు చూసి నర్సింహ కూడా తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంది సారూ, ఇంతదూరం వచ్చినవు. మావోడు మల్ల ఏమన్న ఫోను చేసిండా?" అన్నాడు నర్సింహ భయంగా.

"లేదు. నాది చిన్న పని ఉన్నది. అందరు ఒకపారి బండి ఎనకకు రాండ్రి. దగ్గరికి వద్దు. ఆ రాయి కాడ నిలబడుర్రి. బాలస్వామి, నువ్వు గూడ."

"పాల టైమయ్యా ఇది," అన్నాడు బాలస్వామి.

"రెండు నిమిషాలు."

శ్రీశైలం కారులో కూర్చుని బ్రేకు తొక్కాడు. వదిలాడు. తొక్కాడు.

"ఎడమదే వెలుగుతాంది," అంది గిన్నె పట్టుకున్న ఒకామె.

"కుడిదాని బల్బు పోయింది సారూ," అన్నాడు బాలస్వామి. "మార్పియ్యి."

"పోలే. దగ్గరికి పోయి చెయ్యి అడ్డం పెట్టి చూడు."

బాలస్వామి పోయి చూశాడు. తల తిప్పి రాయి దాకా ఉన్న దూరం చూశాడు. మళ్లీ లైటు చూశాడు. శ్రీశైలం ఇంజను ఆపి దిగి వచ్చాడు.

"ఆ దినం రెండూ కుడిదాని లెక్కనే ఉండె. ఎడమది మా ఇంటామె మొన్న రుద్దింది. వేళ గూడ ఇదే, ఎండ గూడ గిట్లనే ఎనక ఉండె. నేను బ్రేకు కొట్టింది పిలగానికి కనబడలే. వాడు చెప్పిందే నిజం."

ఎల్లేష్ కర్ర మీద బరువు మార్చుకున్నాడు. శ్రీశైలం మొహం కేసి కాకుండా కుడి లైటు కేసి చూస్తున్నాడు.

ముందు తేరుకున్నది నర్సింహ. పెద్దమనిషి అంతదూరం వచ్చి తల వంచడం ఆయనకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. "అయినా సారూ, మావోడు గూడ జర దూరం ఉండాల్సింది. తప్పు అంత నీ మీదనే ఏసుకోకు. చెరి సగం అనుకుందాం."

కోమల భర్తను చూసింది. పట్టుకోవడానికి కొమ్మ దొరికింది. పట్టుకుంటాడా?

"దూరమే ఉన్నడు," అన్నాడు శ్రీశైలం. "దగ్గరుంటే పాణమే పోతుండె. ముప్పై ఒక్క ఏండ్లు నడిపిన, నాది ఒక్క యాక్సిడెంటు లేదు. ఇది ఒకటి. ఇది నాదే."

అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసినప్పుడు గొంతు గట్టిగానే వచ్చింది. "యాభై దినాలు ఏడ పోయినవయ్యా? కన్నతల్లిని, నేనే వాని నోరు మూయిస్తి."

శ్రీశైలం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేము చూడలేదమ్మా," అంది కోమల. "చూస్తే ఏం కనబడ్తదో అని చూడలే."

బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఆ కట్టు ఎన్నడు ఇప్పుతరంట?" అని ఎల్లేష్‌ను అడిగాడు.

"ఇంక ఇరవై దినాలు."

"ఇప్పినంక రా. తండాల దిక్కు కొత్తోనికి దారే తెల్వట్లే. రోజు ఆలస్యమై పాలు పలిగిపోతున్నయి."

ఎల్లేష్ తల ఊపాడు. సంతోషమో కోపమో వాడి మొహంలో ఇంకా ఏదీ కుదురుకోలేదు. ఎవరో లోపలి నుంచి స్టూలు తెచ్చి వేస్తే కూర్చుని, ప్లాస్టరు కాలు ముందుకు చాపుకున్నాడు.

"మేకలు ఎడమ దిక్కు నుంచి దిగినయి," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "నేను వచ్చేసరికి మంద దాటింది, నడుమున్న పిల్ల నాకు కనబడలే, కారు అడ్డం ఉండె. కారు మాత్రం మంచిగ కనబడ్తాంది. తెల్ల కారు. ఎనక రెండు తెల్లటి మచ్చలు మెరుస్తున్నయి. పోతాంది అనుకున్న..."

పాలగిన్నెలు ఎండలోనే ఉన్నాయి. బాలస్వామి బల్ల దగ్గరికి పోలేదు. నర్సింహ తువ్వాలు భుజాన వేసుకుని నేల మీద గొంతుకూర్చున్నాడు. ఎల్లేష్ ఎక్కడా తొందరపడకుండా మొదటి నుంచి చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ నడుమ అడ్డం రాలేదు.